లెక్కకు అందనివారికి సాయం అందేదెలా?

2025 ఏప్రిల్ 2, 3 తేదీల్లో జర్మనీ రాజధాని బెర్లిన్‌లో ప్రపంచ వికలాంగుల శిఖరాగ్ర సభ జరిగింది. సరిగ్గా ఆ 2వ తేదీనే అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ప్రపంచ దేశాలపై సుంకాలు ప్రకటించడంతో పత్రికల మొదటి పేజీలన్నీ వాటికే సరిపోయాయి. బెర్లిన్ సభ సంగతి మన పాఠకుల్లో చాలామందికి తెలియకుండానే గడిచిపోయింది.

ఈ సభలు ఈమధ్యనే మొదలయ్యాయి. మొదటిది 2018లో లండన్‌లో బ్రిటన్, కెన్యా కలిసి జరిపాయి. రెండవది 2022లో నార్వే, ఘనా ఆధ్వర్యంలో సాగింది. బెర్లిన్‌లో జర్మనీ సరసన నిలిచిన దేశం జోర్డాన్. ఒక సంపన్న దేశం, ఒక వర్ధమాన దేశం, వాటితోపాటు వికలాంగుల సంఘాల అంతర్జాతీయ కూటమి కలిసి సభను నిర్వహించడం ఆనవాయితీగా వస్తోంది. జోర్డాన్‌కు ఈ విషయంలో అనుభవం లేదనడానికి వీల్లేదు. పాలస్తీనా, ఇరాక్, సిరియా యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవారికి దశాబ్దాలుగా తలదాచుకునే చోటు ఇచ్చిన చిన్న దేశమది. అక్కడి రాజకుటుంబానికి చెందిన ప్రిన్స్ మిరెద్ మందుపాతరల నిషేధ ఒప్పందం తరఫున దేశదేశాలు తిరిగి ప్రచారం చేసిన వ్యక్తి.

సభ చివర ‘అమ్మాన్-బెర్లిన్ ప్రకటన’ వెలువడింది. అందులోని ముఖ్యాంశాన్ని ‘15 శాతం మందికి 15 శాతం’ అని క్లుప్తంగా చెబుతున్నారు. ప్రపంచ జనాభాలో దాదాపు 15 శాతం మంది వికలాంగులు కాబట్టి, ఆయా దేశాల్లో అమలయ్యే అంతర్జాతీయ అభివృద్ధి కార్యక్రమాల్లో కనీసం 15 శాతమైనా వికలాంగులను కలుపుకొనిపోవడాన్ని తమ ఉద్దేశాల్లో ఒకటిగా పెట్టుకోవాలన్నది దాని సారాంశం. ఇక్కడ ఒక తేడాను గమనించాలి. మాట ఇచ్చింది నిధుల్లో 15 శాతం గురించి కాదు, కార్యక్రమాల్లో 15 శాతం గురించి. వందకోట్ల పథకంలో ఒక పేరా రాసినా ఉద్దేశం ఉన్నట్టే లెక్క. అయినా ఇంతకుముందు ఆ అంకె కూడా లేదు కనుక, దీన్ని తీసిపారేయనక్కరలేదు.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. ఒక దేశంలో వికలాంగులు ఎంతమంది, ఎక్కడెక్కడ ఉన్నారో తెలియకుండా వారిని కలుపుకొనిపోయే పథకం ఎవరు రాయగలరు? సాయం ఎప్పుడూ జాబితా వెంటే నడుస్తుంది. జాబితాలో లేని మనిషి దగ్గరకు బియ్యమూ రాదు, బడీ రాదు, తుపాను హెచ్చరికా రాదు.

2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో పెట్టుకున్న ఎనిమిది సహస్రాబ్ది లక్ష్యాల సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పేదరికం, ప్రాథమిక విద్య, మాతాశిశు మరణాలు, ఇలా పదిహేనేళ్లపాటు ప్రపంచ దేశాల ఖర్చును నడిపించిన పట్టిక అది. ఆ ఎనిమిదింటిలో ఒక్క లక్ష్యంలోనూ వికలాంగుల ప్రస్తావన లేదు. దురుద్దేశంతో వదిలేశారని చెప్పలేం. ఎవరికీ తట్టలేదు, అంతే. కానీ పట్టికలో లేనిదాన్ని కొలవలేదు, కొలవనిదానికి డబ్బు రాలేదు.

వికలాంగుల సంఘాలు ఈ పాఠాన్ని త్వరగానే నేర్చుకున్నాయి. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికలో రెండు అధికరణలను పట్టుబట్టి పెట్టించాయి. 31వ అధికరణ ప్రకారం ప్రభుత్వాలు వికలాంగులకు సంబంధించిన గణాంకాలు సేకరించాలి. 32వ అధికరణ ప్రకారం అంతర్జాతీయ సాయం వికలాంగులకు కూడా అందేటట్టు ఉండాలి. పక్కపక్కనే ఉన్న ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. మా ప్రమేయం లేకుండా మా గురించి నిర్ణయాలు వద్దన్న నినాదం ఆ చర్చల పొడుగునా వినిపించింది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు అమితా ధందా ఆ చర్చల్లో చురుకుగా పాల్గొన్నారు. భారతదేశం 2007 అక్టోబరు 1న ఒడంబడికను ధ్రువీకరించింది. అమెరికా మాత్రం 2009లో సంతకం చేసినా, 2012 డిసెంబరులో సెనేటులో మూడింట రెండువంతుల ఓట్లు రాక ఆగిపోయింది. 2015లో వచ్చిన 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో విద్య, ఉపాధి, అసమానతలు, నగరాలు అనేచోట్ల వికలాంగుల పేరు చేరింది. ఏ లెక్క తీసినా అందులో వికలాంగుల లెక్క విడిగా చూపగలగాలని చివరి లక్ష్యంలో ఒక అంశం కూడా ఉంది.

ఆరు ప్రశ్నలు

2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 130 కోట్ల మంది, అంటే 16 శాతం మంది, చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారు. ప్రతి ఆరుగురిలో ఒకరన్నమాట. మన 2011 జనగణన ప్రకారం భారతదేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, జనాభాలో 2.21 శాతం. అంటే 45 మందిలో ఒకరు. మనవాళ్లు ప్రపంచంలోని మిగతావారికంటే ఏడురెట్లు ఆరోగ్యవంతులని ఎవరూ అనుకోరు కదా!

తేడా ఎక్కడుందో పొరుగునున్న బంగ్లాదేశ్ చక్కగా చూపిస్తుంది. అక్కడి 2011 జనగణనలో వికలాంగులు 1.41 శాతమని తేలింది. దానికి ఏడాది ముందు, 2010లో, అదే ప్రభుత్వం జరిపిన కుటుంబాల ఆదాయ వ్యయ సర్వేలో 9.07 శాతమని తేలింది. అదే దేశం, అదే జనం. మారింది ప్రశ్న ఒక్కటే. జనగణనలో ఇంట్లో వికలాంగులున్నారా, ఏ రకం వైకల్యమని అడిగారు. సర్వేలో ఆ మాటే ఎత్తకుండా, మనిషికి ఏ పని చేయడం ఎంత కష్టంగా ఉందో అడిగారు.

ఈ రెండో పద్ధతికి వాషింగ్టన్ గ్రూపు ప్రశ్నలని పేరు. 2001లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఏర్పాటు చేసిన బృందమది. మొత్తం ఆరు ప్రశ్నలు. కళ్లద్దాలు పెట్టుకున్నా చూడటం కష్టమా? వినికిడి యంత్రం ఉన్నా వినడం కష్టమా? నడవడం, మెట్లెక్కడం కష్టమా? గుర్తుంచుకోవడం, మనసు నిలపడం కష్టమా? స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం కష్టమా? ఎదుటివారికి చెప్పడం, వారు చెప్పింది అర్థం చేసుకోవడం కష్టమా? జవాబులు నాలుగు రకాలు: కష్టం లేదు, కొంత కష్టం, చాలా కష్టం, అసలు చేయలేరు. చివరి రెండింటిలో ఏదో ఒకటి ఒక్క ప్రశ్నకు వచ్చినా ఆ మనిషి లెక్కలోకి వస్తాడు.

ఇది మన ఇళ్లలో ఎలా పనిచేస్తుందో ఊహించుకోవడం కష్టమేమీ కాదు. కళ్లలో శుక్లాలు ముదిరి, గోడ పట్టుకుని వుజూకు వెళ్లే నానీని మనం ఎవరమైనా మాజూర్ అంటామా? ముసలితనం అంటాం. బడిలో వెనకబడే పిల్లవాడిని మొద్దు అంటాం. వాడికి ఒక చెవి వినపడదేమోనని ఎవరూ చూడరు. ‘ఇంట్లో వికలాంగులున్నారా?’ అంటే ఇద్దరి విషయంలోనూ లేరనే చెబుతాం, అది అబద్ధమని కూడా మనకు తోచదు. కష్టమెంత అని అడిగితే మాత్రం నిజం దానంతటదే బయటికి వస్తుంది.

16 శాతమే నిజం, 2 శాతం అబద్ధం అని దీనర్థం కాదు. ఎంత కష్టాన్ని వైకల్యం అనాలన్న గీత ఎక్కడ గీస్తే అంకె అక్కడ ఆగుతుంది. కానీ గీత మరీ పైకి జరిగితే ఏమవుతుందో పాకిస్తాన్‌లో చూశాం. 1998 జనగణనలో 2.49 శాతమున్న వికలాంగులు 2017 నాటికి 0.48 శాతానికి పడిపోయారు. వారికోసం ప్రత్యేక గడి లేకుండానే ఫారాలు అచ్చయ్యాయి. సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక లెక్క మధ్యలో ఏదోవిధంగా ఇరికించారు. పందొమ్మిదేళ్లలో జనాభా ఎంతో పెరిగిన దేశంలో లక్షలమంది కాగితం మీద మాయమైపోయారు.

గుడారాల దగ్గర

జోర్డాన్‌లోని జాతరీ శిబిరం 2012 జూలైలో సిరియా శరణార్థుల కోసం వెలిసింది. కొన్నేళ్లపాటు అది ప్రపంచంలోని అతిపెద్ద శరణార్థి శిబిరాల్లో ఒకటి. శిబిరంలో పేరు నమోదు చేసుకునేటప్పుడు అధికారి ఎదురుగా నిలబడిన మనిషిని చూసి, కనబడే లోపం ఉంటే రాసుకునేవాడు. కాలు లేకపోతే రాస్తాడు. చెవుడు, మతిమరుపు, బాంబుల మోతకు మాట పడిపోయిన పిల్ల, ఇవి కనబడవు. హెల్పేజ్, హ్యాండిక్యాప్ ఇంటర్నేషనల్ సంస్థలు 2014లో జోర్డాన్, లెబనాన్‌లలోని శరణార్థులను పరిశీలించి, ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక వైకల్యముందని తేల్చాయి. తర్వాత 2018లో వాషింగ్టన్ గ్రూపు ప్రశ్నలతో ఇంటింటికీ తిరిగినప్పుడూ ఐదింట ఒక వంతుకు మించే వచ్చింది. నమోదు పుస్తకాల్లోని అంకెలు దీని దరిదాపుల్లో కూడా లేవు. మరుగుదొడ్డి ఎంత దూరంలో కట్టాలి, నీళ్ల కొళాయి ఎంత ఎత్తున పెట్టాలి, రేషను వరుసలో నిలబడలేనివారి గుడారాలు ఏవి అన్నవన్నీ ఆ పుస్తకాలను బట్టే నిర్ణయమవుతాయి మరి.

గాజా సంగతి చెప్పనక్కరలేదు. 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా ప్రకారం, జీవితాంతం ప్రభావం చూపే గాయాలైనవారు అక్కడ దాదాపు 42 వేల మంది. వారిలో నాలుగోవంతు పిల్లలు. చేయో కాలో కోల్పోయినవారు 5 వేలకు పైనే. కృత్రిమ అవయవం పిల్లవాడికి ఒక్కసారి అమర్చి ఊరుకునేది కాదు. వాడు ఎదిగేకొద్దీ మార్చుతూ పోవాలి. ఇది ఒక ఏడాది విరాళంతో తీరే ఖర్చు కాదని, రాబోయే ఇరవై ఏళ్లకు పేరుపేరునా జాబితా కావాలని వేరే చెప్పాలా?

ఇలాంటి సమయంలోనే సంపన్న దేశాలు చేతులు ముడుచుకుంటున్నాయి. అమెరికా అంతర్జాతీయ సాయ సంస్థ యుఎస్‌ఎయిడ్ 2025 జూలై 1తో విడి సంస్థగా ముగిసింది. జాతీయాదాయంలో 0.5 శాతంగా ఉన్న సాయాన్ని 2027 నాటికి 0.3 శాతానికి తగ్గిస్తామని బ్రిటన్ ప్రకటించింది. మొదటి వికలాంగుల సభను జరిపింది ఆ బ్రిటనే. ఈ కోతలన్నిటిలో పెద్దగా ఎవరి కంటా పడనిది ఒకటుంది. పేద దేశాల్లో కుటుంబాల ఆరోగ్యం, జననమరణాల వివరాలు సేకరించే డీహెచ్‌ఎస్ సర్వేలు దశాబ్దాలుగా అమెరికా డబ్బుతో నడిచేవి. వైకల్యంపై ఆరు ప్రశ్నలను 2016లో వాటికి జత చేశారు. 2025 ఫిబ్రవరిలో ఆ కార్యక్రమానికి డబ్బు ఆగిపోయింది. తర్వాత ఇతర దాతల సాయంతో కొంతభాగం నిలబడినా, పాత స్థాయి రాలేదు. సాయం తగ్గితే ఆ తగ్గింది అంకెల్లో కనబడుతుంది. లెక్కించడమే ఆగిపోతే ఎవరికి తగ్గిందో కూడా కనబడదు.

జావేద్ అబిదీ పట్టుదల

మన దేశం దగ్గరకు వద్దాం. ఆసియా, పసిఫిక్ దేశాలు 1992 డిసెంబరులో బీజింగ్‌లో సమావేశమై వికలాంగుల సమానత్వంపై ఒక ప్రకటన చేశాయి. దాన్ని అనుసరించే మన పార్లమెంటు 1995 డిసెంబరులో వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. ఆ చట్టం కోసం ఢిల్లీ వీధుల్లో ధర్నాలు నడిపినవారిలో ప్రముఖుడు జావేద్ అబిదీ. అలీగఢ్‌లో పుట్టిన ఆయన వెన్నెముక లోపం వల్ల చక్రాల కుర్చీ వాడుతూనే అమెరికాలో జర్నలిజం చదివి, 1989లో స్వదేశానికి తిరిగి వచ్చారు. చట్టాన్ని అమలు చేయించడం కోసం, విమానాశ్రయాల్లో వికలాంగులకు సదుపాయాల కోసం సుప్రీంకోర్టుకు వెళ్లి 1998లో తీర్పు తెచ్చుకున్నారు. డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ అనే ప్రపంచ సంస్థకు అధ్యక్షుడయ్యారు. 2018 మార్చిలో కన్నుమూశారు. మన పిల్లలకు క్రికెటర్ల పేర్లు, సినిమా తారల పేర్లు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు.

అబిదీ చేసిన పనుల్లో 2001 జనగణన విషయం ముఖ్యమైనది. 1981లో వికలాంగులను ఏదో ఒక మేరకు లెక్కించిన ప్రభుత్వం 1991లో ఆ ప్రశ్ననే వదిలేసింది. 2001లోనూ వదిలేయాలనే మొదట నిర్ణయించింది. అబిదీ, ఆయన తోటివారు లేఖలు రాశారు, మంత్రులను కలిశారు, రోడ్డెక్కారు. చివరి ఘడియల్లో ప్రశ్న చేరింది. లెక్క 2 కోట్ల 19 లక్షలు వచ్చింది. గణకులకు తగిన శిక్షణ లేక ఆ అంకె తక్కువే వచ్చిందని ఆయనే అన్నారు. కానీ ఆ తర్వాత ప్రభుత్వం వద్ద అంకె లేదన్న సాకు మిగల్లేదు. అదే 2001 జనవరిలో శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మీనార్ వంటి కట్టడాల దగ్గర ఆయన చక్రాల కుర్చీ కోసం చెక్క ర్యాంపులు వేశారు. అంతకుముందు అవి ఎందుకు లేవంటే, అక్కడికి రాలేకపోతున్నవారు ఎంతమందో ఎవరూ అడగలేదు కనుక.

2016లో కొత్త చట్టం వచ్చి వైకల్యాల సంఖ్య 7 నుంచి 21కి పెరిగింది. దానికి ముందే ప్రధాని నరేంద్ర మోదీ ‘దివ్యాంగులు’ అనే మాటను వాడుకలోకి తెచ్చారు. పేరు మారింది సరే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆరో విడతలో వైకల్యం ప్రశ్నలను తీసేశారని 2023లో బయటపడింది. ఏ పేరుతో పిలిచినా, ముందు లెక్కలో ఉంటేనే కదా.

పింఛను జాబితా వేరు, జనగణన వేరు

తెలుగునాట ఈ విషయంలో మంచి అనుభవమే ఉంది. 2000లో ప్రపంచ బ్యాంకు రుణంతో ఆరు జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతా విస్తరించిన ‘వెలుగు’ పథకంలో వికలాంగులకు విడిగా సంఘాలు, మండల స్థాయిలో సమాఖ్యలు ఏర్పడ్డాయి. అంతర్జాతీయ అభివృద్ధి నిధులతో నడిచే పేదరిక నిర్మూలన పథకంలో వికలాంగులు తమ పేరుతో తాము కూర్చున్న తొలి ఉదాహరణల్లో అది ఒకటి. తర్వాత వైకల్య ధ్రువపత్రాలు డాక్టరుకో రకంగా రాకుండా ‘సదరం’ శిబిరాలు వచ్చాయి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది వికలాంగులు నమోదయ్యారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగ పింఛను నెలకు 6,000 రూపాయలైంది. 2025లో ధ్రువపత్రాల పునఃపరిశీలన మొదలై, అనర్హులంటూ ఆగస్టులో చాలామందికి నోటీసులు వెళ్లడం, ఆందోళనలు, అప్పీళ్లు తెలిసినవే. నకిలీ పత్రాలు లేవని కాదు. ఉన్నాయి, నిజంగా అర్హులైనవారికి అన్యాయం చేసింది వాళ్లే. అయితే 40 శాతం అనే గీతకు ఇవతల 38 దగ్గర ఆగిపోయిన మనిషి ఉన్నట్టుండి మెట్లు ఎక్కలేడు. పింఛను జాబితా ఖజానాను బట్టి గీసిన గీత. జనగణన అలాకాదు. అది ఎవరికీ డబ్బు ఇవ్వదు, ఎవరిదీ తీసుకోదు. ఊళ్లో ఎంతమందికి ఎలాంటి కష్టముందో చెబుతుంది. బడిలో ప్రత్యేక ఉపాధ్యాయులు ఎందరు కావాలో, తీరప్రాంతంలో తుపాను వస్తే మోసుకెళ్లవలసిన వాళ్లు ఎందరో దాన్ని బట్టే తెలియాలి. 2011లో జపాన్ సునామీలో వికలాంగుల మరణాల రేటు మిగతా జనం కంటే రెట్టింపు ఉందని అక్కడి పరిశీలనల్లో తేలింది. అన్ని ఏర్పాట్లూ ఉన్న దేశంలోనే అలా జరిగింది.

మన దేశంలో తదుపరి జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెడుతూ కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. 21 రకాల వైకల్యాలూ నమోదు కావాలని, అడిగే తీరు మారాలని, గణకులకు శిక్షణ ఇవ్వాలని వికలాంగుల సంఘాలు కోరుతున్నాయి. ఇది న్యాయమైన కోరిక. ప్రశ్న బాగున్నా, ఇంటివాళ్లు లేరు పొమ్మంటే మాత్రం సంఘాలు చేయగలిగిందేమీ లేదు.

ఎందుకలా చెబుతారో మన బస్తీల్లో అందరికీ తెలుసు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తుంటారు. తమ్ముడికి మూర్ఛ అనో, చెల్లికి మాటలు రావనో నలుగురికీ తెలిస్తే వచ్చిన రిష్తా వెనక్కి పోతుందని అమ్మీ భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు, అలా వెనక్కి వెళ్లినవాళ్లు ఉన్నారు. మదీనాలో అజాన్ పలికే బాధ్యతను అంధుడైన అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్‌కు అప్పగించిన చరిత్ర చెప్పుకునే మనం, ఆ పిల్లను లోపలి గదిలో ఉంచి తలుపు దగ్గరకు వేస్తున్నాం. దీనికితోడు ఇంకో జంకు ఉంది. 2019-20 నాటి ఎన్‌ఆర్‌సీ గొడవల తర్వాత, గడపలోకి వచ్చిన ఏ ఉద్యోగి ఏ కాగితం అడుగుతాడోనని. ఆ విషయం వేరుగా మాట్లాడుకోవలసినది. వైకల్యం ప్రశ్న వరకు చెప్పాలంటే, జనగణనలో దానికి ధ్రువపత్రం చూపనవసరం లేదు, ఇంటివాళ్లు చెప్పిందే రాసుకుంటారు. 1948 జనగణన చట్టం ప్రకారం అలా రాసుకున్నది ఇతరులు చూడటానికి గానీ, కోర్టులో సాక్ష్యంగా గానీ పనికిరాదు. పొరుగువాళ్లకు తెలిసే అవకాశమూ లేదు.

గణకులు ఎక్కువగా మన ఊరి టీచర్లే. రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి. 2001లోనూ 2011లోనూ చాలాచోట్ల ఈ ప్రశ్న అడగకుండానే ‘లేరు’ అని రాసుకుని వెళ్లారని సంఘాలు ఫిర్యాదు చేశాయి. ఈసారి కాగితం బదులు ఫోనులో నొక్కుతారు, తొందర ఇంకా ఎక్కువే ఉంటుంది. ఆ ప్రశ్న దాటిపోతున్నట్టు అనిపిస్తే, ‘మాస్టారూ, ఒక్క నిమిషం’ అని ఆపి నానీ చూపు సంగతి, చెల్లి పేరు, వయసు చెప్పి రాయించాలి.